నోటిమాట మీద ఇచ్చిన గుట్ట

నా నోరు మంచిది కాదని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ముప్పై ఒక్క కోతకాలాలు ద్రాక్షరైతుల సహకార సంఘం కాటా దగ్గర కూర్చున్నాను. ట్రాక్టర్ వెనక తొట్టెలో ద్రాక్ష వస్తుంది, కాటా ఎక్కుతుంది, నేనొక గుత్తి పిండి తీపి ఎంతో చూసి చీటీ రాస్తాను. తొట్టె అడుగున ఆకులూ కుళ్ళు గుత్తులూ దాచి తెచ్చిన ఏ మొగాణ్ణీ ఊరికే వదల్లేదు. "ఏం బాబూ, మీ ఇంట్లో చారు కూడా ఈ ఆకులతోనే కాస్తారా?" అని వెనక వరసంతా నవ్వేదాకా అరిచేదాన్ని. అలాంటిదాన్ని, నోరు విప్పాల్సిన ఒకే ఒక్కసారి మూసుకుని కూర్చున్నాను. ఫెర్మీన్ గురించి చెప్పాలంటే అది కూడా చెప్పక తప్పదు.

నేనూ ఫెర్మీనూ ఒకే ఏడు పుట్టాం, పంతొమ్మిది వందల నలభై ఒకటిలో. బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నాం. వాళ్ళ నాన్న ఆన్సెల్మో, స్పెయిన్‌లో యుద్ధం ఓడిపోయాక ముప్పై తొమ్మిది చలికాలంలో మంచుకొండలు దాటి మా దేశానికి నడిచొచ్చినవాడు. వచ్చినవాళ్ళని మా ప్రభుత్వం సముద్రం ఒడ్డున ఇసకలో ముళ్ళకంచె వేసి ఉంచింది. మా ఊరి రైతులు అక్కడికి వెళ్ళి, గాడిదల్ని ఎంచినట్టు జబ్బలు పిసికి చూసి, కూలీకి మనుషుల్ని తెచ్చుకున్నారు. మార్సియాల్ అనే పెద్దరైతు ఆన్సెల్మోని తెచ్చుకున్నాడు. ఈ మార్సియాల్ కొడుకే ప్రోస్పేర్, తర్వాత మా సంఘానికి అధ్యక్షుడైనవాడు.

మార్సియాల్ పల్లం తోటకి పైన ఒక రాళ్ళగుట్ట ఉండేది. మేకలు కూడా ఎక్కేవి కావు. యుద్ధాలన్నీ అయిపోయాక ఒక ఆదివారం కాఫీ హోటల్ అరుగు మీద మార్సియాల్ అన్నాడు: "ఆన్సెల్మో, రాళ్ళు ఏరు, తీగలు నాటు. కాపుకొచ్చిన రోజున గుట్ట నీది." అది మా ప్రాంతంలో తాతల నాటి పద్ధతి. బీడు ఎవరిదైనా, తీగ నాటి కాపు తెప్పించినవాడిదే. ఇద్దరూ చేతులు కలుపుకుని చెరో గ్లాసు తాగారు, అంతే సంగతి. రిజిస్ట్రీ ఆఫీసుకి ఎవడూ పోలేదు. ఏడాదికోసారి ఉండనిస్తారో వెళ్ళగొడతారో తెలియని పరాయి దేశపు మనిషి అక్కడికి వెళ్ళి ఏమని చెప్పుకుంటాడు? భూమి శిస్తు మార్సియాలే తన పేరున కట్టేవాడు. దానికి బదులుగా ఆన్సెల్మో ఏటా నవంబర్‌లో రెండు రోజులు వాళ్ళ పల్లం దున్నిపెట్టేవాడు.

ఆరు చలికాలాలు ఏరాడు ఆ రాళ్ళు. ఏరినవాటితో నడుమెత్తు గోడలు కట్టాడు, సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి. కారిన్యాన్ జాతి తీగలు నాటాడు. మా ఊరి వైన్ అంతా ఆ జాతిదే. ఆన్సెల్మో పుట్టిన పల్లె నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే ఊరొకటుంది, ఈ తీగ అక్కడిదే, ఆ ఊరి పేరే దానికి. ఎప్పుడో ముత్తాతల కాలంలో కొండ దాటి మా దగ్గరికొచ్చింది. ఈ ముక్క గుర్తుచేస్తే మావాళ్ళు మొహాలు మాడ్చుకునేవాళ్ళు. అందుకే నేను వారానికోసారైనా గుర్తుచేసేదాన్ని.

ఇక ఫెర్మీన్. బళ్ళో పెన్సిల్ పోతే స్పెయిన్‌వాడు. కిటికీ పగిలితే స్పెయిన్‌వాడు. వాడు మాత్రం తిరగబడలేదు, ఏడవలేదు. ఏం చేశాడంటే, ఎవరేం అడిగినా చెయ్యడం మొదలెట్టాడు. ఇహ ఆ అలవాటు పోలేదు. రగ్బీ జట్టులో అందరి బరువూ మోసే చోట వాడు. అడవి అంటుకుంటే నీళ్ళ బండి మీద ముందు వాడు. ఎవరు పోయినా గొయ్యి తవ్వడానికి వాడు. కొండవాలు మీద కూడా నడిచే గొలుసు చక్రాల ట్రాక్టర్ ఊరంతటికీ వాడి ఒక్కడికే ఉండేది. "ఒరేయ్ ఫెర్మీన్, రేపొకసారి రా" అంటే చాలు, వచ్చేసేవాడు. కాదు అనే మాట వాడి నోట్లో పుట్టలేదు. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, "నన్నెవరు చేసుకుంటారు రెజీన్, నేనెప్పుడూ పరాయివాళ్ళ పొలంలోనే కదా ఉంటాను" అని నవ్వేవాడు.

వాడు వాడిలా ఉండేది గుట్ట మీదే. ఒకసారి పుట్టగొడుగుల కోసం పైకెక్కితే వాడి మాటలు వినబడ్డాయి. కత్తెర పట్టుకుని తీగలు కత్తిరిస్తూ గలగలా స్పానిష్ మాట్లాడుతున్నాడు. వాళ్ళ నాన్న పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది.

"ఎవరితోరా ఆ కబుర్లు?" అన్నాను.

వాడి మొహం కందిపోయింది. "ఎవరూ లేరే. ఈ ముసలాళ్ళతో" అని తీగల మొద్దుల వైపు చెయ్యి చూపించాడు. "కత్తిరింపు నాన్న ఆ భాషలోనే నేర్పాడు. మన భాషలో చెబితే వీటికి అర్థం కాదేమోనని."

ఎనభై ఆరు జనవరిలో స్పెయిన్ కూడా మా దేశాల ఉమ్మడి మార్కెట్‌లో చేరింది. టీవీలో బాకాలు ఊదారు, జెండాలు ఎగరేశారు. మా కాఫీ హోటల్లో మాత్రం ఎవడూ గ్లాసు ఎత్తలేదు. "వాళ్ళ తోటలు మనకంటే ఎక్కువ, వాళ్ళ కూలి మనలో సగం. ఇహ మన వైన్ ఎవడు తాగుతాడయ్యా?" అన్నాడు ప్రోస్పేర్. అన్నట్టే అయింది. సుంకాలు ఒక్కో మెట్టే దిగుతుంటే, కొండ అవతల నుంచి వైన్ ట్యాంకర్లు ఒక్కోటే పెరిగాయి. మా దగ్గర కొనే వ్యాపారి టెలిఫోన్ ఎత్తడం మానేశాడు. కింద మైదానంలో పీచ్ పళ్ళ రైతులు పళ్ళు తెచ్చి కలెక్టరాఫీసు మెట్ల మీద పోసి వెళ్ళిపోయారు. మా సంఘం తొట్లలో పోయినేటి వైన్ అమ్ముడుపోకుండానే ఈ ఏటి ద్రాక్ష గేటు దగ్గరికొచ్చింది. చివరికి సర్కారే మా వైన్ కొని, కాచి, స్పిరిట్ చేసింది. మనిషి ఏడాదంతా నడుం వంచి పండించింది, ఎవడూ నోట పోసుకోకుండా పొయ్యి మీదకి పోయింది. దానికంటే తిట్టు ఏముంటుంది చెప్పండి.

సంఘం నియమం ఒకటుంది: సభ్యుడు కోసిన ప్రతి గుత్తీ సంఘానికే తేవాలి, బయట అమ్మకూడదు. మంచిరోజుల్లో అది గొడుగు. ఇప్పుడదే సంకెల. కోత ఖర్చు కూడా రాని ధరకి తెచ్చి పోయాలి, పోయకపోతే తప్పు.

ఎనభై ఎనిమిది వసంతంలో మావాళ్ళు హైవే టోల్‌గేటు దగ్గర టైర్లు తగలబెట్టి ట్యాంకర్లు ఆపడం మొదలెట్టారు. నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళావంటే, కోపం నాకు మాత్రం లేదా? మొదటి ట్యాంకర్ ఆగింది. డ్రైవర్ అద్దం దించలేదు. ప్రోస్పేర్ వెనక్కి తిరిగి, "ఫెర్మీన్ ఏడీ? వాడి భాషలో వాణ్ణి దిగమని చెప్పు" అన్నాడు.

ఫెర్మీన్ ముందుకొచ్చాడు. మెల్లగా ఏదో చెప్పాడు. అరవై ఏళ్ళ మనిషి దిగాడు, టోపీ చేతిలో పట్టుకుని. ఫెర్మీన్ మొహంలోకి చూసి, కళ్ళు పెద్దవి చేసి, గబగబా రెండు మూడు మాటలన్నాడు, చెయ్యి కూడా చాచాడు. ఫెర్మీన్ ఆ చెయ్యి పట్టుకోలేదు.

"ఏమంటున్నాడ్రా?" అన్నాడు ప్రోస్పేర్.

"ఏం లేదు. దిగాను కదా అంటున్నాడు."

కొళాయి తిప్పారు. ట్యాంకరంతా రోడ్డు మీదకి పోయింది. ఆ డ్రైవర్ కంచె దగ్గర కూర్చుని చూశాడు. తిరిగొచ్చేటప్పుడు వ్యాన్‌లో ఫెర్మీన్ బూట్లు ఎర్రగా తడిసి ఉన్నాయి. అందరూ దిగిపోయాక అడిగాను. "నిజం చెప్పు. ఏమన్నాడు?"

"నీ యాస మా తాత యాసలా ఉంది, ఎవరబ్బాయివి, ఏ పల్లె అని అడిగాడు" అన్నాడు. "ఇంకా, మా దగ్గర కూడా తీగలు పీకెయ్యమంటున్నారు నాయనా, మమ్మల్నెందుకు కొడతారు అన్నాడు."

"మరి చెప్పలేదేం?"

"ఎవరికి చెప్పను? వాడికా, వీళ్ళకా?"

తీగలు పీకెయ్యమనడం నిజమే. వైన్ ఎక్కువైపోయిందని బ్రస్సెల్స్‌లో కూర్చుని ఉమ్మడి మార్కెట్ నడిపేవాళ్ళు తేల్చారు. తోట పీకేసినవాడికి డబ్బిస్తారు. కాని పీకినచోట మళ్ళీ వైన్ తీగ నాటకూడదు, నువ్వు కాదు, నీ మనవడు కాదు. అది విని ముసలి రైతుల కళ్ళు అటూ ఇటూ తిరగడం మొదలైంది. ప్రోస్పేర్ వెంటనే సభ పెట్టాడు. "మూడోవంతు మంది పీకేశారంటే సంఘం మూతే! మిగిలినవాడి ద్రాక్ష ఎక్కడ పోస్తాడు? పీకేవాడు ద్రోహి! ఎవరూ పీకం అన్నవాళ్ళు చేతులెత్తండి!" మొదట లేచిన చెయ్యి ఎవరిదో చెప్పక్కర్లేదు. ఆ పెద్ద చెయ్యి అలా గాలిలో చాలాసేపు ఉంది. మిగతావన్నీ దాన్ని చూసి లేచాయి.

పదిహేను రోజులు కూడా కాలేదు. మధ్యాహ్నం ఎవరూ లేని వేళ చూసి ప్రోస్పేర్ నా కాటా గది కిటికీ దగ్గరికొచ్చాడు. ఒక కాగితం పెట్టాడు. తోట పీకేసే దరఖాస్తు. ఆ తోటలో ఇన్నేళ్ళుగా ఇంత పంట వచ్చిందని కాటా మనిషి ముద్ర వెయ్యాలి.

"అలా చూడకే రెజీన్. మోకాళ్ళు పోయాయి. కూతురు తులూజ్‌లో మందుల షాపు వదిలి వస్తుందా? ఇది మన మధ్యే ఉండనీ."

అరిచేదాన్నే. కాని నా చూపు తోట నంబరు మీద పడింది. రిజిస్ట్రీలో పల్లానికీ గుట్టకీ కలిపి ఒకటే నంబరు. ఆ నంబరు మొత్తానికి దరఖాస్తు. దాని మీద వేలు పెట్టాను.

"ఇందులో ఫెర్మీన్ గుట్ట కూడా ఉంది కదా" అన్నాను.

"రిజిస్ట్రీలో ఉన్నట్టు రాశానే. విడగొట్టాలంటే సర్వేయర్ రావాలి, కొలవాలి, గడువు దాటిపోతుంది. వాడి వాటా వాడికి పైసలతో సహా ఇస్తాను. నేనేం దొంగనా?"

దొంగ కాదు. ఆ మాట నిజం. దొంగైతే బావుండేది, తిట్టి పంపేదాన్ని. నా ఉద్యోగం అతని సంతకంతో నడుస్తుంది, ఇంట్లో మా ఆయన మంచాన ఉన్నాడు. ముద్ర వేశాను. ఆ వేసవంతా ఫెర్మీన్ కనబడితే గలగలా ఏదేదో వాగేదాన్ని, వాడికి అడిగే సందు దొరక్కుండా. కోతలప్పుడు గుట్ట ద్రాక్ష తొట్టె నిండా తెచ్చాడు. పిండి చూస్తే ఆ ఏటికల్లా తీపి దానిదే. "చూశావా, ముసలాళ్ళు ఇంకా ఎలా ఉన్నారో!" అన్నాడు. నేను చీటీ వైపే చూస్తూ తలూపాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అక్టోబర్‌లో కొలిచేవాళ్ళు వచ్చారు. పీకబోయే తోటకి నాలుగు మూలలా ఉన్న మొద్దులకి తెల్లరంగు పూసి వెళ్తారు. మర్నాడు పొద్దున ఫెర్మీన్ నా కిటికీ ముందు నిలబడ్డాడు. చూపుడువేలికి తెల్లరంగు అంటుకుని ఉంది.

"గుట్ట మీద రంగు పూశారే. పొరపాటున పూసుంటారు, కదూ?" అన్నాడు.

అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను, ముద్ర సంగతితో సహా. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండును. వాడు ఆ వేలిని చొక్కాకి తుడుచుకుంటూ నిలబడ్డాడు, రంగు పోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"వెళ్ళి ప్రోస్పేర్‌ని కాలర్ పట్టుకో!" అన్నాను.

వెళ్ళాడు. కాలర్ పట్టుకోవడానికి కాదు, అడగడానికి. ప్రోస్పేర్ కుర్చీ వేశాడు, పెద్ద గ్లాసు పోశాడు. "మీ నాన్నా మా నాన్నా మాట అనుకున్నారు, నేను కాదన్నానా? కాని కాగితం కాగితమే కదరా. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే పల్లం డబ్బు కూడా పోతుంది. నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావో." నువ్వే చెప్పు అన్నాడు, పుట్టి బుద్ధెరిగాక కాదు అనని మనిషితో! ఫెర్మీన్ గ్లాసు తాగేసి వచ్చేశాడు.

నేను ఊరుకోలేదు. పట్నం వెళ్ళి నోటరీని అడిగొచ్చాను. ముప్పై ఏళ్ళు ఎదురులేకుండా సాగుచేసుకుంటే ఆ భూమి వాడిదే అవుతుందని చట్టం ఉంది. ఊళ్ళోవాళ్ళు నలుగురు వచ్చి, అవును, గుట్ట వీళ్ళదేనని సంతకం పెడితే చాలు. పరుగెత్తుకొచ్చి చెప్పాను. ఫెర్మీన్ వంటింట్లో వెల్లుల్లి రొట్టె తింటున్నాడు.

"నలుగురేరా! నేనొకదాన్ని పెడతాను. క్లోవిస్ ఉన్నాడు, నీతో పదేళ్ళు రగ్బీ ఆడాడు. వాళ్ళ అమ్మకి గొయ్యి నువ్వే తవ్వావు. అడుగు!"

వాడు రొట్టె నమలడం ఆపాడు. "అడుగుతాను. పెట్టకపోతే?"

"ఎందుకు పెట్టడు?"

"పెట్టకపోతే ఏంటని అడుగుతున్నాను రెజీన్. నాకు నలభై ఏడు. ఇన్నాళ్ళూ నేను ఈ ఊరివాణ్ణే అనుకుంటూ బతికాను. అడిగితే తెలిసిపోతుంది. అడక్కపోతే అలాగే ఉంటుంది."

అబద్ధమెందుకు, లోపల ఒక మూల అమ్మయ్య అని కూడా అనిపించింది. నేను సంతకం పెట్టక్కర్లేదు. ప్రోస్పేర్ ఎదట పడక్కర్లేదు. అయినా వాడికి తెలియకుండా క్లోవిస్ దగ్గరికి వెళ్ళాను. క్లోవిస్ బూటు లేసు వైపు చూస్తూ, "గుట్ట వాడిదే, ఎవరికి తెలియదు? కాని కాగితం మీద అంటే... నాక్కూడా ప్రోస్పేర్‌తో పనులుంటాయి కదా" అన్నాడు. రెండో ఇంటికి నేను వెళ్ళలేదు. క్లోవిస్ అన్న మాట ఫెర్మీన్‌కి ఇవాళ్టిదాకా చెప్పలేదు.

ఫిబ్రవరిలో పీకాలి. ప్రోస్పేర్ వ్యాన్‌లో వచ్చి, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టోపీ కిందకి లాక్కుని అడిగాడు. "బయటినుంచి బుల్‌డోజర్ పిలిస్తే మీ నాన్న కట్టిన గోడలు పడగొట్టేస్తుందిరా. నీ ట్రాక్టర్‌తో అయితే..." ఫెర్మీన్ ఒప్పుకున్నాడు. మొదట పల్లం పీకాడు. తర్వాత గుట్ట. మొద్దుకి గొలుసు చుట్టడం, ట్రాక్టర్ ఎక్కడం, లాగడం, దిగడం. మూడు రోజులు ఈదురుగాలి. పీకుడంటే ఊళ్ళో నలుగురూ సాయం వచ్చి, కొమ్మల నిప్పు మీద సాసేజీలు కాల్చుకుని తినడం మా అలవాటు. పల్లం పీకినప్పుడు వచ్చారు. గుట్టకి ఎవరూ రాలేదు. నేను వెళ్ళాను, గొలుసు చుట్టాను. వాడు ఒక్క మాట మాట్లాడలేదు, ఏ భాషలోనూ. ఒక్క గోడ రాయి కూడా కదల్లేదు. లోపల ఏమీ లేని నేల చుట్టూ గోడలు బాగానే ఉన్నాయి.

ప్రోస్పేర్ వాటా డబ్బు కవర్లో పంపాడు. ఫెర్మీన్ దాన్ని విప్పలేదు.

మే నెల. నేను ఫెర్మీన్ పెరట్లో ఉన్నాను. పీకిన మొద్దుల్ని మావాళ్ళు పొయ్యిలోకి నరుక్కుంటారు. వాడు నరకలేదు, అన్నీ తెచ్చి గోడ పక్కన వరసగా పేర్చాడు. వ్యాన్ వచ్చి ఆగింది. ప్రోస్పేర్, క్లోవిస్. ప్రోస్పేర్ తోట పీకేశాడు గాని కోపం మాత్రం పీకలేదు, ఇంకా అధ్యక్షుడే.

"ఫెర్మీన్, త్వరగా రా! టోల్‌గేటు దగ్గర ట్యాంకర్ ఆపాం. డ్రైవర్ దిగనంటున్నాడు. నువ్వొచ్చి మాట్లాడాలి."

ఫెర్మీన్ చేతిలో మొద్దు పట్టుకునే నిలబడ్డాడు. "నాకు స్పానిష్ రాదు" అన్నాడు.

ప్రోస్పేర్ నవ్వాడు. "వేళాకోళాలకి టైం లేదురా, ఎక్కు."

"రాదన్నాను."

క్లోవిస్ నేల చూపులు చూశాడు. ప్రోస్పేర్ నా వైపు తిరిగి, "వీడికేమైందే? నువ్వైనా చెప్పు!" అన్నాడు. ఎన్ని నెలలుగానో మూసుకున్న నా నోరు అప్పుడు తెరుచుకుంది.

"వినబడలేదా? రాదంటున్నాడు కదా. ఈ ఊళ్ళో పుట్టి ఈ ఊళ్ళో పెరిగినవాడు, వాడికి స్పానిష్ ఎందుకొస్తుంది? నువ్వే నేర్చుకో ప్రోస్పేర్, ఇప్పుడు నీకు తోట పని కూడా లేదు!"

వ్యాన్ వెళ్ళిపోయింది. పుట్టినప్పట్నుంచీ వాడు మొదటిసారి కాదన్నాడని నాకు సంతోషంగా కూడా ఉంది. "భలే బొంకావురా!" అన్నాను.

ఫెర్మీన్ మొద్దుని వరసలో పెట్టి, తిన్నగా ఉందో లేదో చూసుకున్నాడు.

"బొంకు కాదే. పొద్దున నాన్న భాషలో కత్తెరని ఏమంటారో గుర్తు తెచ్చుకుందామని కూర్చున్నాను. రాలేదు" అన్నాడు. "మాట్లాడ్డానికి ఎవరున్నారు?"

ఇంకో మొద్దు తేవడానికి వెళ్ళాడు. నేను కూడా ఒకటి ఎత్తాను.